మళ్లీ నేరం చేస్తాడని స్కోరు చెబితే నమ్మొచ్చా?

మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు చేశానని చెప్పగానే ఇంటర్వ్యూలో ‘యాక్యురసీ ఎంత?’ అని అడుగుతారు. మీరు ఓ అంకె చెప్పేస్తారు. ఆ తర్వాతి ప్రశ్నకు సిద్ధమేనా? మోడల్ తప్పు చెబితే నష్టపోయేది ఎవరు?

కంపాస్ సంగతి తెలిస్తే ఈ ప్రశ్న బాగా అర్థమవుతుంది. నిందితుడు మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో 1 నుంచి 10 వరకు స్కోరిచ్చే అమెరికా సాఫ్ట్‌వేర్ ఇది. 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఫ్లోరిడాలోని ఓ కౌంటీలో 7 వేల మందికి పైగా స్కోర్లను పరిశీలించింది. తర్వాత రెండేళ్లలో కొత్త కేసు లేని నల్లజాతీయుల్లో దాదాపు 45 శాతం మందికి ‘ముప్పు ఎక్కువ’ అన్న ముద్ర పడింది. తెల్లజాతీయుల్లో అది 23.5 శాతమే. ఒకే స్కోరు వచ్చిన ఇరువర్గాల వారూ దాదాపు సమానంగానే మళ్లీ పట్టుబడ్డారన్నది కంపెనీ వాదన.

2018లో వచ్చిన మరో అధ్యయనంలో కంపాస్ కచ్చితత్వం 65 శాతం దగ్గరే తేలింది. ఈ రంగంలో శిక్షణ లేని మామూలు జనమూ దాదాపు అంతే చెప్పగలిగారు. వయసు, పాత శిక్షల సంఖ్య... ఈ రెండిటితో చేసిన చిన్న మోడల్ కూడా దీనికి తీసిపోలేదు.

లోపం ఎక్కడంటే...

ఇలాంటి మోడల్‌కు దొరికేది నేరాల లెక్క కాదు, అరెస్టుల లెక్క. పోలీసు నిఘా ఎక్కడ ఎక్కువో అక్కడ రికార్డులూ ఎక్కువ.

మన దగ్గరా ఈ డేటా ఉంది. 2018 జనవరిలో తెలంగాణ పోలీసులు ‘సకల నేరస్తుల సమగ్ర సర్వే’ చేసి, పాత నేరస్తుల ఇళ్లను జియోట్యాగ్ చేశారు. అది స్కోరు కాదు. కానీ అలాంటి రికార్డులతో రేపెవరైనా మోడల్ కడితే? గోదావరిఖనిలో సమ్మె రోజు కేసులో పేరెక్కిన కుర్రాడినీ, అలవాటుగా దొంగతనాలు చేసేవాడినీ అది వేరుగా చూస్తుందా?

బాయిలో గ్యాస్ డిటెక్టర్ ఉత్తినే మోగితే కార్మికులు పైకొస్తారు, కాస్త పని ఆగుతుంది. మనిషి మీద తప్పుడు అలారం మోగితే బెయిలే ఆగిపోవచ్చు.

ప్రాజెక్టులో ఇవి చూపండి

• కంపాస్ డేటా ఉచితంగా దొరుకుతుంది. దాంతోనే ప్రాక్టీస్ చేయండి.
• యాక్యురసీతో ఆగకుండా ఫాల్స్ పాజిటివ్ రేటును వర్గాలవారీగా లెక్కకట్టండి.
• రెండు అంశాల సాదా మోడల్‌తో మీ మోడల్‌ను పోల్చండి.
• లేబుల్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు రాశారో ఒక పేరాలో రాయండి.

ఇంటర్వ్యూలో ముందు ఆ పేరా గురించే చెప్పండి.