పాత ల్యాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే ముందు



ఈ మధ్య బడికి వచ్చిన తల్లిదండ్రులు కొందరు ఒకే మాట అడిగారు: "సార్, ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఇక అప్‌డేట్లు రావంట, షాపులో కొత్తది కొనమంటున్నారు, కొనాలా?" తొందరపడి కొనకండి. ముందు ఇది చదవండి.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం ఇంకో ఏడాది పొడిగించారు. అంతమాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలను సరిచేసేవాళ్లు ఉండరు. అందులో బ్యాంకు పనులు చేసేవాళ్లకు అది మంచిది కాదు.

పోనీ విండోస్ 11 వేద్దామంటే, అది అన్ని యంత్రాల మీదా ఎక్కదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం చాలావాటిలో ఉంటాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దానికి తగ్గ ప్రాసెసరు మాత్రం పాతవాటిలో ఉండవు. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. యాపిల్ వాళ్ల మాక్ సంగతి వేరు, అది వాళ్ల యంత్రాల్లోనే నడుస్తుంది.

మిగిలింది లినక్స్. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. లినక్స్ అంటే భయపడేవాళ్లకు ఒక మాట: తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ పిల్లలకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ పక్కనే సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా ఉండేది. దాన్ని తెరిచి చూసినవాళ్లే తక్కువ. ఇప్పుడు కొత్తగా వేసుకునేవాళ్లకు నేను లినక్స్ మింట్ చెప్తాను. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది.

వేయడం కష్టమా అంటే, అసలు కష్టం రెండే చోట్ల.

మొదటిది, పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరును లేపడం. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే లేవదు, దానికోసం ఉన్న ప్రోగ్రాంతో రాయాలి. తర్వాత పవర్ బటన్ నొక్కగానే ఒక మీట నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9. సెకను ఆలస్యమైతే పాత విండోసే తెరుచుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టాలి, అంతే. ఇక్కడ పోయేది ఓపిక ఒక్కటే.

రెండోది ప్రమాదకరమైనది. డిస్కులో ఎక్కడ వేయాలని అడిగే తెర వస్తుంది. "డిస్కు మొత్తం చెరిపి వేయి" అన్నదాన్ని ఎంచుకుంటే ఇంట్లోవాళ్ల ఫొటోలు, స్కాన్ చేసి పెట్టుకున్న టీసీ, మార్కుల జాబితాలు, అమ్మాయి ప్రాజెక్టు, అన్నీ పోతాయి. విండోస్‌ను ఉంచి పక్కన వేసే దారి కూడా ఉంది, కానీ డిస్కులో ఖాళీ ఉండాలి. అందుకే బయటి డ్రైవ్‌లోకి కాపీ తీసి, ఆ కాపీ ఇంకో కంప్యూటరులో తెరుచుకుంటుందో లేదో చూసి, అప్పుడే మొదలుపెట్టండి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. షాపులో ఇచ్చినా సరే, కాపీ మీరే తీసుకుని ఇవ్వండి. "ఫార్మాట్ చేసేశాం" అన్న తర్వాత ఎవరిని అడిగినా లాభం లేదు.

పిల్లలూ, లినక్స్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. కాస్త నెమ్మదిగా ఉంటుంది. అప్పుడే వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, ప్రింటరు పనిచేస్తోందా చూడండి. ఎక్కువగా మొరాయించేది వైఫై. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంది, కాబట్టి ఒకచోట నేర్చుకుంటే రెండోచోటా పనికొస్తుంది. ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాం మీద నాన్నగారి లెక్కలు నడుస్తుంటే మాత్రం ఆ యంత్రం జోలికి పోవద్దు.

ప్రయత్నించాలనుకునేవాళ్లు ఛార్జరు, ఖాళీ పెన్‌డ్రైవ్ పట్టుకుని, పెద్దవాళ్లతో కలిసి శనివారం మధ్యాహ్నం కంప్యూటరు గదికి రండి. పెన్‌డ్రైవ్ 8 జీబీ అయినా ఉండాలి, అందులో ఏమున్నా చెరిగిపోతుంది.