షుగర్ ఒకరికి, వంటిల్లు అందరిదీ

పెళ్లి పంక్తిలో బొబ్బట్టు వడ్డించబోతే పక్కనున్న బావగారు "ఆయనకు షుగర్, వేయకండి" అంటారు. ఎదుటి వరుసలోంచి చిన్నాన్న అందుకుంటారు: "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఒక్కటి తింటే ఏమవుతుంది? రాత్రికి ఇంకో మాత్ర వేసుకుంటాడులే!" తినాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగరు. మధుమేహం ఉన్నవాళ్లకు మనవాళ్లిచ్చే ఆసరా చాలాసార్లు ఇలాగే ఉంటుంది. అయితే కాపలా, లేకపోతే మొహమాటం పెట్టడం.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీళ్లందరికీ డాక్టర్లు చెప్పేది ఒకటే, జాగ్రత్తగా ఉండమని. కానీ ఆ జాగ్రత్త రోగి ఒక్కరి చేతిలో ఉంటుందా?

ఇంటాయనకు షుగర్ వస్తే వంటిల్లే మారిపోతుంది. అన్నం తగ్గుతుంది, కొర్రలొస్తాయి, రాత్రికి జొన్నరొట్టె. (కొర్రలైనా కుంచెడు తింటే షుగర్ పెరుగుతుందని ఎవరూ చెప్పరు, అది వేరే సంగతి.) అదే ఇల్లాలికి వస్తే? అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె భోజనం. పొద్దున మాత్ర వేసుకుని, ఇంటెడు పనీ ముగించి మధ్యాహ్నం మూడింటికి కంచం ముందు కూర్చుంటుంది. కొన్ని రకాల మాత్రలతో అంత ఆలస్యం ప్రమాదం. చెమటలు, వణుకు, గుండెదడ మొదలైతే "నీరసమేలే" అనుకుని నడుం వాలుస్తుంది. షుగర్ 70కి తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవి తెలియాల్సింది ఆమె కంటే ముందు ఇంట్లోవాళ్లకు.

టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల కష్టం ఇంకోరకం. ఇన్సులిన్ మానిపించి ఏ కషాయమో పట్టించమనే బంధువులకు కొదవ లేదు. ఆ మాట వింటే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆడపిల్లయితే పెళ్లి సంబంధాల దగ్గర సంగతి దాచేస్తారు. తర్వాత అత్తవారింట్లో ఆ అమ్మాయి తలుపు గడియ పెట్టుకుని సూది పొడుచుకోవాలి. దాచమన్నవాళ్లది ప్రేమే కావచ్చు, ఆమెకు మాత్రం అది శిక్షే.

ఇరుగుపొరుగు కలిస్తే ఏమవుతుందో తిరువనంతపురం జిల్లాలో చూశారు. షుగర్ వచ్చే ముప్పున్నవాళ్లు ఊళ్లలో జట్లుగా కూడి, తమలోంచే నాయకుల్ని ఎంచుకున్నారు. రెండేళ్లకు మధుమేహం కచ్చితంగా తగ్గిందని తేలలేదు. కానీ మద్యం తగ్గింది, కూరగాయలూ పండ్లూ తినడం పెరిగింది. గొప్పగా చాటుకునే ఫలితం కాదు. అయినా డాక్టరు గదిలో చెప్పించుకున్న నీతులతో ఆ మాత్రమైనా మార్పు వస్తోందా అంటే, నాకు నమ్మకం లేదు.

మనకు కొత్తగా జట్లు కట్టే పని కూడా లేదు. పొదుపు సంఘాలున్నాయి. వాయిదాల లెక్క తేలాక మరో పావుగంట కూర్చుంటే చాలు, ఎవరికి మాత్రలు అయిపోయాయో, ఎవరి అరికాలి పుండు మానడం లేదో బయటపడుతుంది. సంఘం తరఫున ఒక గ్లూకోమీటరు కొనుక్కోవచ్చు, స్ట్రిప్పుల ఖర్చు పంచుకోవచ్చు. సూది మాత్రం ఎవరిది వారికే, మీటరును ఒకరు వాడాక శుభ్రం చేసిగాని ఇంకొకరికి ఇవ్వకూడదు.