లేజర్‌తో అవాంఛిత రోమాల తొలగింపు: ఏం ఆశించవచ్చు, ఎక్కడ జాగ్రత్తపడాలి?

ఆరు సిట్టింగులు చేయించుకుంటే జీవితాంతం రోమాల బెడద ఉండదని చెప్పే బోర్డులు ఇప్పుడు చిన్న పట్టణాల బ్యూటీ పార్లర్ల ముందు కూడా కనిపిస్తున్నాయి. పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు మొలిచి నలుగురిలోకి వెళ్లడానికి సంకోచించే అమ్మాయిలు, పెళ్లి కుదిరినవారు, గడ్డం గీసుకున్న ప్రతిసారీ మెడ మీద కురుపులు లేచే యువకులు ఈ చికిత్స గురించి ఆరా తీస్తున్నారు. ఆ బోర్డు మీది మాట ఎంతవరకు నిజం? చర్మం కాలుతుందా? డబ్బు కట్టే ముందు ఏం తెలుసుకోవాలి? చామనఛాయ, నలుపు చర్మం ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ ప్రశ్నలకు మరింత ప్రాముఖ్యం ఉంది. లేజర్ కాంతి వెతుక్కుంటూ వెళ్లేది మెలనిన్ అనే నల్లని వర్ణకాన్ని. అది మన వెంట్రుకల్లోనూ ఉంది, మన చర్మంలోనూ ఉంది.

నలుపు వేడెక్కుతుంది

ఎండాకాలం మధ్యాహ్నం నల్ల చొక్కా వేసుకుని బయటకు వెళితే ఒళ్లు మండిపోతుంది. తెల్ల చొక్కాతో అంత బాధ ఉండదు. నల్లని వస్తువు కాంతిని ఎక్కువగా పీల్చుకుని వేడిగా మారుస్తుంది. లేజర్ రోమ చికిత్స మొత్తం ఈ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. కాంతి చర్మంలోకి దిగి, వెంట్రుకలోని మెలనిన్‌ను వేడెక్కిస్తుంది. ఆ వేడి చుట్టూ ఉన్న రోమకూపానికి పాకుతుంది. వెంట్రుకను మళ్లీ మళ్లీ పుట్టించే మూలకణాలు రోమకూపం గోడలో ఒక ఉబ్బెత్తు భాగంలోనూ, వెంట్రుకకు పోషణ ఇచ్చే భాగం అడుగునా ఉంటాయి. అక్కడిదాకా చాలినంత వేడి చేరితే రోమకూపం దెబ్బతిని, వెంట్రుకను పుట్టించడం మానేస్తుంది, లేదా బలహీనమైన సన్నని వెంట్రుకను మాత్రమే పుట్టిస్తుంది.

మొదటి లేజర్‌ను 1960లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో పని చేయించాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే దాన్ని చర్మం మీద ప్రయోగించి చూశారు. అయితే చర్మాన్ని కాల్చకుండా లోపలి లక్ష్యాన్ని మాత్రమే కొట్టడం ఎలాగన్నది 1983లో గానీ స్పష్టం కాలేదు. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్య శాస్త్రవేత్తలు ఆ ఏడాది ఒక సిద్ధాంతాన్ని ప్రచురించారు. లక్ష్యం బాగా పీల్చుకునే రంగు కాంతిని ఎంచుకోవాలి, ఆ లక్ష్యం చల్లారడానికి పట్టే సమయానికి తగ్గట్టు కాంతి తాకిడి వ్యవధిని సరిచేసుకోవాలి అన్నది దాని సారం. 1996లో ఆండర్సన్ బృందమే 13 మంది స్వచ్ఛంద వ్యక్తుల మీద కెంపు లేజర్ ప్రయోగించి, వెంట్రుకల పెరుగుదల తగ్గుతుందని చూపింది.

వ్యవధి ఎందుకంత ముఖ్యమో వంటింట్లోనే తెలుస్తుంది. చిన్న గ్లాసులో టీ త్వరగా చల్లారిపోతుంది, పెద్ద గిన్నెలో టీ చాలాసేపు వేడిగా ఉంటుంది. చర్మం పైపొరలోని మెలనిన్ చిన్న గ్లాసు లాంటిది, లావుపాటి రోమకూపం పెద్ద గిన్నె లాంటిది. కాంతిని మరీ క్షణికంగా కాకుండా, సెకనులో కొన్ని వందల వంతుల పాటు ప్రసరింపజేస్తే, పైపొర తన వేడిని ఎప్పటికప్పుడు వదిలేసుకుంటుంది. రోమకూపంలో మాత్రం వేడి పోగుపడుతుంది. దీనికి తోడు యంత్రం కొనను చల్లగా ఉంచడం, చల్లని గాలి ఊదడం, చలువ వాయువు చిలకరించడం వంటి పద్ధతులతో పైపొరను కాపాడతారు.

మన చర్మానికి ఏ లేజర్?

తెల్లని చర్మం, నల్లని వెంట్రుక ఉన్నవారికి ఈ చికిత్స సులువు. కాంతి పీల్చుకునే నలుపు వెంట్రుకలోనే ఉంటుంది కాబట్టి గురి తప్పదు. చర్మం రంగు ముదిరే కొద్దీ వెంట్రుకకు అందాల్సిన కాంతిలో కొంత దారిలోనే చర్మం పీల్చేసుకుంటుంది. అప్పుడు రెండు నష్టాలు. వెంట్రుకకు చాలినంత వేడి అందదు, చర్మం కాలవచ్చు.

చర్మవైద్యులు ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి మనుషుల చర్మాన్ని ఆరు రకాలుగా విభజిస్తారు. దీన్ని ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ అంటారు. భారతీయుల్లో ఎక్కువ మంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఇలాంటి చర్మానికి కాంతి తరంగదైర్ఘ్యం ఎంపిక కీలకం. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ మెలనిన్ కాంతిని పీల్చుకోవడం తగ్గుతుంది, కాంతి లోతుగా దిగుతుంది. 694 నానోమీటర్ల కెంపు లేజర్ ముదురు రంగు చర్మానికి తగదు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ లేత రంగు చర్మానికి బాగా పనిచేస్తుంది. 800 నానోమీటర్లకు కాస్త పైన పనిచేసే డయోడ్ లేజర్‌ను, వ్యవధినీ చల్లదనాన్నీ సరిగ్గా అమర్చుకుంటే చామనఛాయ చర్మానికి వాడవచ్చు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ బాగా నల్లని చర్మానికి అన్నిటికంటే సురక్షితమైనది. దాని కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి సన్నని వెంట్రుకల మీద మాత్రం దాని ప్రభావం కొంచెం తక్కువ.

చాలా చోట్ల లేజర్ పేరుతో చేసేది నిజానికి ఐపీఎల్ చికిత్స. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యంతో వచ్చే కాంతి. ఐపీఎల్ యంత్రం కెమెరా ఫ్లాష్ లాగా అనేక తరంగదైర్ఘ్యాలను కలిపి వదులుతుంది. ఫిల్టర్లు ఎలా అమర్చారన్న దాని మీద ఫలితం ఆధారపడుతుంది. నల్లని చర్మం మీద దానితో కాలిన గాయాల ప్రమాదం ఎక్కువ. ఇంట్లో వాడుకోవడానికి అమ్మే పరికరాల్లో చాలావరకు తక్కువ శక్తి గల ఐపీఎల్ యంత్రాలే. వాటి పెట్టె మీద ఉండే చర్మం రంగుల పట్టికలో ముదురు రంగులకు వాడవద్దని ఉంటే, ఆ సూచనను తప్పకుండా పాటించాలి.

ఒక్కసారితో ఎందుకు పోదు?

మన శరీరం మీద దాదాపు 50 లక్షల రోమకూపాలు ఉంటాయి. అవన్నీ మనం పుట్టకముందే ఏర్పడతాయి. ప్రతి రోమకూపం కొంతకాలం వెంట్రుకను పెంచుతుంది, తర్వాత కొద్ది రోజులు కుంచించుకుపోతుంది, ఆపైన కొంతకాలం విశ్రాంతి తీసుకుంటుంది. తల మీద పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్ల దాకా ఉంటుంది. అందుకే జడ నడుము దాకా పెరుగుతుంది. కాళ్లు, చేతుల మీద ఆ దశ కొన్ని నెలలే. ఈ చక్రాలన్నీ ఒకేసారి తిరగవు. పక్కపక్కనే ఉన్న రెండు రోమకూపాల్లో ఒకటి పెంచే పనిలో ఉంటే రెండోది నిద్రలో ఉండవచ్చు. లేజర్‌కు బాగా లొంగేది పెరిగే దశలో, వేరు దాకా మెలనిన్ నిండి ఉన్న వెంట్రుక మాత్రమే.

లెక్క కోసం ఒక చోట 100 వెంట్రుకలు ఉన్నాయని, ప్రతి సిట్టింగులో అప్పటికి మిగిలినవాటిలో పావు వంతు మాత్రమే లేజర్‌కు చిక్కుతాయని అనుకుందాం. మొదటిసారి తర్వాత 75 మిగులుతాయి. రెండోసారికి 56, మూడోసారికి 42. ఆరోసారి పూర్తయ్యేసరికి ఇంకా 18 దాకా ఉంటాయి. అసలు శరీరంలో లెక్క ఇంత నున్నగా సాగదు. దెబ్బతిన్న రోమకూపాల్లో కొన్ని కోలుకుంటాయి కూడా. అయినా పలు సిట్టింగులు ఎందుకు అవసరమో, చివర్లో కొన్ని వెంట్రుకలు ఎందుకు మిగులుతాయో ఈ లెక్క చెబుతుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు అవసరమవుతాయి. ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చేస్తారు. ఆ తర్వాత కూడా ఏడాదికి ఒకటి రెండు సార్లు అవసరం పడవచ్చు.

అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ చికిత్సను శాశ్వత తొలగింపు అనదు, శాశ్వత తగ్గింపు అంటుంది. మళ్లీ మొలిచే వెంట్రుకల సంఖ్య దీర్ఘకాలం పాటు తక్కువగా ఉండిపోవడం దాని అర్థం. ఒక్క వెంట్రుక కూడా రాదని హామీ ఇచ్చేవారిని నమ్మనవసరం లేదు. తెల్లబడిన వెంట్రుకల్లో మెలనిన్ ఉండదు కాబట్టి వాటి మీద లేజర్ పనిచేయదు. వాటికి ఒక్కో రోమకూపంలో సన్నని సూది దించి విద్యుత్తు పంపే ఎలక్ట్రాలిసిస్ పద్ధతి ఉంది. అది 1875 నుంచి వాడుకలో ఉన్న పాత పద్ధతి. ఓపిక ఎక్కువ కావాలి.

సిట్టింగు రోజున ఏం జరుగుతుంది?

చికిత్సకు నాలుగు నుంచి ఆరు వారాల ముందే త్రెడింగ్, వ్యాక్సింగ్, పీకడం మానేయాలి. వేరుతో సహా వెంట్రుకను లాగేస్తే లేజర్‌కు లక్ష్యమే ఉండదు. గీసుకోవచ్చు. నిజానికి ఒక రోజు ముందు గీసుకునే రమ్మంటారు. చర్మం పైన వెంట్రుక మిగిలితే అది అక్కడే మండి చర్మాన్ని కాలుస్తుంది. ఎండలో తిరిగి కమిలిన చర్మం మీద చికిత్స చేయకూడదు. కొత్తగా చేరిన మెలనిన్ ప్రమాదాన్ని పెంచుతుంది.

కళ్లకు ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి తగిన అద్దాలు పెట్టాలి. చికిత్స చేసేవారూ పెట్టుకోవాలి. లేజర్ కాంతి కంటిలో పడితే చూపు దెబ్బతినవచ్చు. కనురెప్పల మీద, కనుబొమల కింది భాగంలో లేజర్ వాడకపోవడానికి కారణం ఇదే. ప్రతి తాకిడికీ రబ్బరు బ్యాండును సాగదీసి వదిలినట్లు చురుక్కుమంటుంది. కాలిన వెంట్రుక వాసన వస్తుంది. పై పెదవికి కొన్ని నిమిషాలు చాలు, రెండు కాళ్లకు గంట దాకా పట్టవచ్చు.

నొప్పి తెలియకుండా మత్తు క్రీము రాస్తారు. దాన్ని డాక్టరు చెప్పిన మేరకే వాడాలి. కాళ్ల నిండా గాఢమైన మత్తు క్రీము పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మరణించిన ఘటనల దరిమిలా 2007లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. చర్మం ద్వారా మందు ఎక్కువగా రక్తంలోకి చేరితే గుండె లయ తప్పుతుంది, మూర్ఛలు రావచ్చు.

చికిత్స తర్వాత రోమకూపాల చుట్టూ చిన్న చిన్న ఎర్రని ఉబ్బులు కనిపిస్తాయి. కాంతి లక్ష్యాన్ని చేరిందనడానికి అది గుర్తు. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తర్వాతి ఒకటి నుంచి మూడు వారాల్లో నల్లని మొనలు పైకి వస్తాయి. వెంట్రుకలు మళ్లీ పెరుగుతున్నాయని చాలామంది కంగారుపడతారు. అవి చచ్చిన వెంట్రుకలు, వాటంతట అవే రాలిపోతాయి. పీకవద్దు, గట్టిగా రుద్దవద్దు. సున్నిపిండితో నలుగు పెట్టుకునే అలవాటు ఉన్నవారు చర్మం కుదుటపడేదాకా ఆగడం మంచిది. ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ తప్పనిసరి.

తేడా చేస్తే

బొబ్బలు, నల్లమచ్చలు, తెల్లమచ్చలు వచ్చే అవకాశం ఉంది. నల్లమచ్చలు చాలావరకు నెలల్లో పలచబడతాయి, తెల్లమచ్చలు ఎక్కువ కాలం ఉండిపోవచ్చు. బొబ్బ లేస్తే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించాలి. మరో విచిత్రమైన దుష్ఫలితం, చికిత్స చేసిన చోటో దాని పక్కనో వెంట్రుకలు ఒత్తుగా రావడం. ఇది అరుదే అయినా ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, ముఖ్యంగా దవడ, మెడ భాగాల్లో కనిపిస్తుంది. చాలీచాలని వేడి నిద్రలో ఉన్న రోమకూపాలను తట్టిలేపుతుందని నిపుణులు భావిస్తున్నారు. బుగ్గల మీది నూగు వెంట్రుకలకు లేజర్ చేయించుకోవద్దని చెప్పడానికి ఇదొక కారణం.

కేన్సర్ వస్తుందా అన్నది తరచూ వినిపించే భయం. దీనికి ఒక చరిత్ర ఉంది. 1920లలో అమెరికాలో ఎక్స్-రేలతో రోమాలు తొలగించే సెలూన్లు నడిచాయి. వాటికి వెళ్లిన స్త్రీలలో పలువురికి ఏళ్ల తర్వాత చర్మ కేన్సర్లు వచ్చాయి. ఎక్స్-రేలు కణాల్లోని డీఎన్‌ఏను తెంచగలవు. రోమ చికిత్సకు వాడే లేజర్ కాంతికి ఆ శక్తి లేదు. అది కొన్ని మిల్లీమీటర్ల లోతుకే దిగి, వేడిగా మారిపోతుంది. లోపలి అవయవాలను చేరదు. గర్భిణుల విషయంలో తగినన్ని అధ్యయనాలు లేవు కాబట్టి ప్రసవం తర్వాతే చేయించుకోమని సలహా ఇస్తారు.

వెంట్రుకల వెనుక కారణం

ఆడపిల్లలకు గడ్డం, ఛాతీ, పొట్ట మీద గరుకైన వెంట్రుకలు వస్తుంటే ముందుగా వెళ్లాల్సింది లేజర్ గదికి కాదు. నెలసరి సక్రమంగా రాకపోవడం, మొటిమలు, బరువు పెరగడం తోడైతే అది పీసీఓఎస్ కావచ్చు. ఈ సమస్యలో పురుష హార్మోన్ల ప్రభావం పెరిగి, నూగు వెంట్రుకలను పుట్టించే రోమకూపాలు లావుపాటి నల్లని వెంట్రుకలను పుట్టించడం మొదలుపెడతాయి. లేజర్ ఇప్పుడున్న వెంట్రుకలను తగ్గిస్తుంది, హార్మోన్లను మార్చలేదు. కారణానికి మందు పడకపోతే పక్కనున్న రోమకూపాలు కొత్తగా మేల్కొంటూనే ఉంటాయి. కట్టిన డబ్బంతా వృథా అయిందని నిరాశపడేవారిలో చాలామంది కథ ఇదే. వెంట్రుకలు ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించుకోవాలి.

డబ్బు కట్టే ముందు కొన్ని ప్రశ్నలు సూటిగా అడగండి. నా చర్మం ఏ రకం? మీరు వాడేది లేజరా, ఐపీఎలా? ఏ లేజర్? ముందుగా చిన్న చోట పరీక్షించి చూస్తారా? అర్హత గల చర్మవైద్యులు దగ్గరుంటారా? ఏదైనా తేడా చేస్తే ఎవరు చూస్తారు? మీరు వాడుతున్న మందులు, మీ చర్మానికి గతంలో వచ్చిన సమస్యలు, తరచూ పెదవి చుట్టూ పొక్కులు వచ్చే అలవాటు ఉంటే అదీ వారికి చెప్పండి. ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పి, వెంట్రుకలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవని ముందే ఒప్పుకునే చోటు సాధారణంగా నమ్మదగిన చోటు.