వేలి చివర రక్తపు బొట్టు ఏం చెబుతుంది?

జొన్నరొట్టె తింటే షుగరు పెరగదని హొళగుంద వైపు చాలామంది నమ్ముతారు. జొన్నలో ఉన్నదీ పిండిపదార్థమే; అరిగితే గ్లూకోజే అవుతుంది. ఎవరి ఒంట్లో ఎంత పెరిగిందో గ్లూకోమీటరే చెప్పాలి. దాని స్ట్రిప్పు మీది ఎంజైము వేలి నుంచి తీసిన రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపితే సన్నని విద్యుత్తు పుడుతుంది. మీటరు దాన్ని కొలిచి అంకెగా చూపుతుంది. తినకముందు 80–130, తినడం మొదలెట్టిన రెండు గంటలకు 180 మి.గ్రా./డె.లీ. లోపు ఉండాలన్నది షుగరున్న చాలామంది పెద్దలకు లక్ష్యం.

మూణ్ణెల్లకోసారి ఆదోనిలో చేయించే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చాలదా అంటారు. అది ఆ నెలల షుగరు సగటు చెబుతుంది, ఏ పూట తిండి పెంచిందో చెప్పదు. స్ట్రిప్పులు ఖరీదన్న మాట మాత్రం న్యాయమే. ఇన్సులిన్ లేకుండా మాత్రలతో ఉన్న చాలామందికి రోజూ వేలు పొడుచుకున్నా ఒరిగేది స్వల్పమని అధ్యయనాలూ తేల్చాయి. అందుకే డాక్టరు చెప్పిన రోజుల్లో, రొట్టెకు ముందూ రెండు గంటల తర్వాతా చూసి రాసిపెట్టడం మేలు. వేలికి బెల్లం అంటి ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది. ముందు సబ్బుతో కడిగి తడి ఆరనివ్వాలి.