ఉచితమూ - ఉచితానుచితమూ

పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడితే మా పెందుర్తిలో శుభలేఖలు అచ్చువేసేవారికి క్షణం తీరికుండదు. అలాంటి రోజుల్లో ఒక సాయంకాలం, నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఎవరి శుభలేఖ వారే ఇంట్లో తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ రాశాడట. తల్లి గాజులు తాకట్టుపెట్టి, ఏడాదిపాటు దానిమీదే కూర్చున్నాడు.

"తప్పులుంటే దిద్దండి మేస్టారూ. వచ్చే నెల అమ్మకానికి పెడుతున్నాను" అన్నాడు.

తప్పులు లేవు గాని, అక్షరాలే ఎక్కడో చూసినట్టున్నాయి.

"ఇవి గిడుగు, గురజాడ ఫాంట్లు కావుటోయ్?"

"అవునండీ, ఉచితమే గదా!"

వాటి పేర్లు మార్చి, లైసెన్సు తీసేసి, 'సర్వహక్కులు నావి' అని రాసుకున్నాడు!

మన భాషలో 'ఉచితం' అన్న మాటకు రెండర్థాలు: వెల లేనిది, తగినది. మొదటిది అందరికీ గుర్తుంటుంది.

వాడుకభాష కోసం పోరాడిన ఆ ఇద్దరు మహనీయుల పేర పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో ఈ అక్షరాలు రూపొందించగా, సిలికానాంధ్ర వాటిని 'ఓపెన్ ఫాంట్ లైసెన్స్' కింద లోకానికిచ్చింది. ఆ లైసెన్సు వ్యాపారం వద్దనదు. వాటితో అచ్చువేసిన శుభలేఖకు ఏ షరతూ అంటదు. సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్ముకోవచ్చు. అయితే ప్రతి కాపీలోనూ కర్తల హక్కుల ప్రకటన, లైసెన్సు ఉండాలి. ఫాంటును విడిగా అమ్మరాదు. మార్చి పంచితే, మార్చినదాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి.

పుణ్యాత్ముడెవరో తవ్వించిన బావినీళ్ళతో కాఫీహోటలు నడుపుకోవచ్చు. బావిమీద ఆయన పేరున్న రాయి పీకి మన పేరు చెక్కించుకోవచ్చునా?

"ఎవరడుగుతారండీ?" అన్నాడు నెమ్మదిగా.

అడిగేవారున్నారు. లినక్స్ వంటివాటికున్న గ్ను లైసెన్సు మరింత కఠినం. ఆ ప్రోగ్రాము కలిపిన సరుకు అమ్మితే, దాని సోర్స్‌కోడ్ కూడా కొన్నవారికి అందుబాటులో ఉంచాలి. రౌటర్లు అమ్ముతూ ఆ షరతు పాటించని ఒక కంపెనీ కేసులో, ఆ లైసెన్సు చెల్లుతుందని 2004లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు తీర్పు చెప్పింది.

కుర్రవాడి ముఖం వాడిపోయింది. "అయితే నేను రాసిన ప్రోగ్రామంతా ఊరికే పంచిపెట్టాలా మేస్టారూ? అమ్మ గాజులు..."

"అక్కర్లేదు నాయనా. ఫాంటు లైసెన్సు ఫాంటువరకే. నీ ప్రోగ్రాము నీదే."

మూడోనాడు మళ్ళీ వచ్చాడు. తెరమీద కర్తల పేర్లున్నాయి, లైసెన్సుంది, వాటికింద తన పేరుంది.

"శుభలేఖలో ముందు పెద్దల పేర్లు వెయ్యాలి గదండీ" అన్నాడు, నేనడగకుండానే.