చవక కారు

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్ళు చూచును. నాలుగడుగులు నడిపించి చూచును. బేరము ఆ పిమ్మటనే. పాత కారును కొనదలచినవాడును అట్లే చేయవలెను. కాని వెల స్వల్పమని వినగానే మురిసిపోయి, చూడవలసినవి చూడక బయానా ఇచ్చువారు పెక్కుమంది.

సికిందరాబాదులో రాణీగంజు అను పేట కలదు. ఇనుప సామానులకును, యంత్రముల విడిభాగములకును, మోటారు బండ్ల విడిభాగములకును అది పేరు పొందినది. అక్కడి దుకాణముల వరుసలను చూచినవారికి ఎంత పాడైన బండినైనను బాగుచేయవచ్చునని తోచును. చాలవరకు అది నిజమే. అయితే బాగుచేయుట సాధ్యమా అనునది ఒక ప్రశ్న; బాగుచేయుట లాభమా అనునది వేరొక ప్రశ్న.

మారుతి 800 అను చిన్న కారు 1983 డిసెంబరులో వెలువడి, ఎన్నియో మధ్యతరగతి కుటుంబములకు మొదటి కారైనది. పొగకు సంబంధించిన నిబంధనలు కఠినమగుటచే 2010 ఏప్రిలు నుండి హైదరాబాదు మొదలగు 13 నగరములలో దాని అమ్మకము నిలిచినది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయినది. ఏండ్ల తరబడి చెట్టు క్రింద పడియున్న అట్టి కారొకటి 30,000 రూపాయలకు వచ్చుచున్నదనుకొందము. కొనవచ్చునా?

మొదట త్రుప్పును చూడవలెను. ఈ కారునకు లారీకి వలె వేరుగా చట్రము లేదు. రేకుతో మలచిన ఒడలే దాని ఎముకల గూడు. అడుగు రేకును, తలుపుల క్రింది అంచులును త్రుప్పు తినిపోయినచో ఎంత క్రొత్త రంగు పూసినను బలము రాదు. అయస్కాంతమును రేకు వెంట జరిపినచో, లప్పము మందముగా నింపిన చోట అది అంటుకొనదు. మోసము అచ్చటనే బయటపడును.

పిమ్మట ఇంజను. నూనె కొలత పుల్లను తీసి చూడగా నూనె పాలు కలిపిన తేనీటి వలె ఉన్నచో, అందులో నీరు చేరినదని అర్థము. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనెను కాల్చుచున్నది. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు జంటనగరములలో ఎన్నియో కార్లు నీట మునిగినవి. మునిగిన బండి కడిగినచో మెరయును. కాని సీట్ల క్రింది పట్టాలకు పట్టిన త్రుప్పును, తివాచీ అడుగున మిగిలిన ఒండ్రును నిజము చెప్పును.

టైర్లు, బ్యాటరీ, క్లచ్చి, బ్రేకులు అరిగిపోవు వస్తువులు. వీనిని మార్చుట కష్టము కాదు. ఖర్చును ముందుగానే లెక్కింపవచ్చును. అందు బ్రేకుల విషయమున పిసినితనము కూడదు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును. బ్రేకు చెడినచో బండి నిలువదు.

కాగితములును ముఖ్యమే. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లు చెల్లును. ఆపైన అధికారులు బండిని పరీక్షించి 5 ఏండ్లకు పొడిగింతురు. ఆ పరీక్షలో నెగ్గని బండి రోడ్డెక్కరాదు. ఇంజను సంఖ్యయు, ఛాసిస్ సంఖ్యయు పుస్తకములోని వానితో సరిపోవలెను. తీరని అప్పు, కట్టని జరిమానాలు ఉన్నవేమో విచారింపవలెను.

ఇక లెక్క. కారునకు 30,000, టైర్లకు, బ్యాటరీకి 18,000, బ్రేకులకు, క్లచ్చికి 12,000, ఇంజనుకు 20,000, కాగితములకు 10,000 అనుకొందము. మొత్తము 90,000. అదే కారు చక్కని స్థితిలో 75,000కు దొరకుచున్నచో, చవకదనుకొన్న బండియే ప్రియమైనది! నమ్మకమైన మెకానిక్కు చేత పనులన్నియు కాగితముపై వ్రాయించి, కనబడని లోపములకు మరికొంత కలిపి, అప్పుడు నిశ్చయింపవలెను.

మరియొక ఉచ్చు కలదు. ఇంతకుముందే నలుబదివేలు పోసితిమి, ఇప్పుడు విడిచిపెట్టుటెట్లు అని మరల మరల ఖర్చు పెట్టువారు కలరు. పోయిన ధనము బండిని విడిచినను రాదు, ఉంచుకొన్నను రాదు. ఇకమీద ఎంత కావలెను, దానివలన ఎంత ఫలము కలుగును అనునదే ఆలోచింపదగినది. రైతు ఎద్దు పళ్ళను లెక్కించుట దానిపై ప్రేమ లేక కాదు. ఇంటిల్లిపాది అన్నము దానిపై ఆధారపడియున్నందున. కారులో కూర్చుండునదియు ఇంటిల్లిపాదియే.