పరుగెత్తు గుఱ్ఱము, పదును దప్పిన నేల

గుఱ్ఱపుపందెముల ప్రసంగము స్త్రీల పత్రికలో నేల యని మా సోదరీమణులలో గొందఱు శంకింపవచ్చును. పందెములకు బోవువారు పురుషులు, గుఱ్ఱములను బెంచువారు ధనికులు, పందెపుబయలు నగరమున నున్నది. మన వంటయింటికిని దానికిని సంబంధమేమని యడుగవచ్చును. సంబంధము రెండు విధముల గలదు. అచ్చట నొడ్డబడు రూపాయలలో ననేకము మన యిండ్ల పెట్టెలనుండి వెడలినవి. అచ్చట కాలు విఱిగి కూలునది నోరులేని జంతువు. ఇంటి ధనమును గాపాడుటయు, నోరులేనిదాని పక్షమున నొక మాట పలుకుటయు స్త్రీలకు పరాయిపనులు కావు.

భారతమున అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మనమందఱము చదివినదే. జూదమున రాజ్యమును గోలుపోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున సారథియై యుండెను. నలునికి అశ్వహృదయము దెలియును. ఋతుపర్ణునికి అక్షహృదయము దెలియును. విదర్భకు బోవు త్రోవలో ఆ యిరువురును తమ విద్యల నొండొరులకు ఇచ్చిపుచ్చుకొన నొడంబడిరి. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథియను పేర గుఱ్ఱములను గాచెను. మన తెలుగున మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములను, చికిత్సలను పద్యములలో జెప్పెను. గుఱ్ఱమును బెంచుట మహావిద్యయని మన పూర్వులు తలచినారనుటకు ఇవియే సాక్ష్యములు. నేటి పందెపుబయలున ఆ అశ్వవిద్యయు, ఈ అక్షవిద్యయు నొకచోట జేరినవి. అక్షవిద్య నానాటికి బెరుగుచున్నది. అశ్వవిద్య వెనుకబడినచోట నెల్ల ఆపద పుట్టుచున్నది.

మన హైదరాబాదున పందెములు క్రొత్తవి కావు. 1868 లో మౌలాలియొద్ద ఆరంభమైన పందెములను ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1886 లో తన మందిరమునకు చేరువయగు మలక్‌పేటకు మార్పించెను. నడుమ గొంతకాలము సికింద్రాబాదున జరిగి, 1968 లో మరల మలక్‌పేటకే వచ్చినవి. అచ్చట నేడును ఏటికి రెండు ఋతువులుగా పందెములు జరుగుచున్నవి. ఒకటి జూలైలో మొదలగు వానకాలపుటది. రెండవది నవంబరులో మొదలగు చలికాలపుటది. వానలు గురియునప్పుడే పరుగుపందెములు పెట్టుచోట నేలను గాపాడుట యెంత శ్రమతో గూడిన పనియో వ్యవసాయదారుల యిండ్ల స్త్రీలకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

మా అమ్రాబాదు నల్లమల మీది పీఠభూమి. ఈ ప్రాంతపు పొడతూర్పు పశువులు మేనిపై పొడలు గలిగి, కష్టమున కోర్చునవని పేరొందినవి. అట్టి యెద్దులను సైతము మా రైతులు వాన వెలిసిన మఱునాడే నాగలికి గట్టరు. పిడికెడు మన్ను దీసి నొక్కిచూతురు. ముద్దయైనచో నింక నాగుదురు. పొడియై రాలినచో వానకై యెదురుచూతురు. రెంటికి నడుమ నున్నప్పుడు “పదునైన”దందురు. రేగడిలో నొక పదును, చెలకలో నొక పదును. మెల్లగ నడచు నెద్దునకే యింత విచారణ గావలసియుండగా, గడియకు క్రోసులకొలది పరుగెత్తు గుఱ్ఱమునకు నెంత గావలయును!

పందెపుగుఱ్ఱము బరువు నాలుగైదువందల కిలోలు. అది గంటకు ఇంచుమించు 60 కిలోమీటర్ల వేగమున పరుగెత్తును. ఆ పరుగున నొక్కొక్క క్షణమందు దేహభారమంతయు నొక్క కాలిమీదనే పడును. ఆ తాకిడి దేహపు బరువునకు రెట్టింపును మించియుండును. మోకాలి దిగువ గుఱ్ఱమునకు కండలేదు. ఎముకయు, నరములవలె బిగిసిన స్నాయువులును, క్రింద గిట్టయును మాత్రమే యున్నవి. నేల మిక్కిలి గట్టిపడినచో తాకిడియంతయు నెముకకే తగులును. మిక్కిలి నానినచో గిట్ట దిగబడి స్నాయువు సాగి తెగును. ఒకచోట గట్టిగను, పది యడుగుల యవతల మెత్తగను ఉన్న నేల యన్నిటికంటె చెడ్డది. గుఱ్ఱము తన యడుగును నేలను బట్టి సరిచేసికొనును. సరిచేసికొను వ్యవధి లేకున్న పడును. దానిమీది రౌతు దానితో గూడ పడును. వెనుక వచ్చు గుఱ్ఱములు వారిపై బడును.

మనుష్యునికి కాలు విఱిగిన మంచముపై బరుండి కట్టు కట్టించుకొనును. గుఱ్ఱము నెలలతరబడి పరుండి యుండజాలదు. విఱిగిన కాలిని మోపక మిగిలిన మూడింటిపై బరువు నిలిపినచో ఆ గిట్టలును రోగగ్రస్తము లగును. అందువలననే యనేక సందర్భములందు వైద్యులు సూదిమందుతో దాని బాధను ముగించుచున్నారు. పందెపుబయటి గోతి యొకటి పూడ్చకపోవుటకు మూల్యము కొన్నిసారు లీరూపమున జెల్లింపబడును.

నేలను గాపాడు విధానము రహస్యము గాదు. గడ్డివేళ్లు లోతుగ దిగునట్లు పెంచవలయును. వాననీరు నిలువక దిగిపోవునట్లు అడుగున ఇసుకపొరను, కాలువలను అమర్చవలయును. ఎండకాలమున తగినంతయే నీరు పెట్టవలయును. ఒక పందెము ముగియగనే మనుష్యులు వరుసగా నడచి గిట్టలు లేపిన పెల్లలను తిరిగి త్రొక్కి సరిచేయవలయును. లోపలి కంచెను అప్పుడప్పుడు జరిపి, అరిగిన భాగమునకు విశ్రాంతి నీయవలయును. నేల పదును గొలుచుటకు పెనెట్రోమీటరను పనిముట్టు గలదు. నియతమైన బరువును నియతమైన యెత్తునుండి జార్చి, కడ్డీ నేలలో నెంత దిగెనో చూచి యంకెను వ్రాయుదురు. మా రైతు పిడికెడు మన్ను నొక్కిచూచుటయు నిదియు నొక్కటే విద్య.

ఇంత తెలిసియు ఆపదలు గలుగుచున్నవి. అమెరికాలోని శాంటా అనితా యను పందెపుబయట 2018 డిసెంబరు 26 మొదలు 2019 మార్చి మొదటివారము వఱకు 21 గుఱ్ఱములు మరణించినవి. ఆ కాలమున నచ్చట వానలు మిక్కిలిగ గురిసినవి. మార్చి 5వ తేదీన పందెములను నిలిపి నేలను పరీక్షించిరి. తరువాతి విచారణలలో నేల సంగతితో బాటు, పందెములలో గుఱ్ఱముల సంఖ్య తగ్గకుండుటకై నిర్వాహకులు దెచ్చిన యొత్తిడియు చర్చకు వచ్చెను. 2023 లో కెంటకీ రాష్ట్రమందలి చర్చిల్ డౌన్సున నెలదినములకు గొంచె మించిన కాలములో 12 గుఱ్ఱములు చనిపోయినవి. నేలలో దోషము గనబడలేదని పరీక్షకులు చెప్పినను పందెములను వేఱొక స్థలమునకు మార్చిరి. కారణము దెలియనప్పుడు ఆగుటయే వివేకమని యిందు మనము నేర్వదగినది.

మన పొరుగున బెంగుళూరున 2019 నవంబరు 15వ తేదీన జరిగినది వేఱొకవిధము. పరుగున నొక గుఱ్ఱము పడగా దానివెనుకవియు దొట్రిల్లి పడినవి. పణములు పోయినవని జనులు కోపించి కుర్చీలను, అద్దములను పగులగొట్టిరి. గుఱ్ఱమునకు దెబ్బ తగిలినందులకు వగచినవారెందఱో, డబ్బు పోయినందులకు రేగినవారెందఱో పాఠకురాండ్రే యూహింతురు గాక.

నిర్వాహకుల బాధ్యత నేలతో ముగియదు. చెన్నపట్టణమున గిండీ పందెపుబయలు 160 ఎకరముల ప్రభుత్వభూమి. 1945 లో దానిని 99 ఏండ్లకు కౌలుగా నిచ్చిరి. కౌలుబాకీ 730 కోట్ల రూపాయలకు బైగా నున్నదని చెప్పి తమిళనాడు ప్రభుత్వము 2024 సెప్టెంబరులో కౌలును రద్దుచేసి స్థలమును స్వాధీనము చేసికొనెను. మన హైదరాబాదునుండి 2025 ఏప్రిలు, మే నెలలలో జబల్‌పూరునకు 57 గుఱ్ఱములు తరలింపబడగా, వానిలో పెక్కు మరణించినవి. విషయము ఆ రాష్ట్రపు హైకోర్టు వఱకు బోయెను. గుఱ్ఱము పరుగెత్తునంతకాలమే గాదు, పరుగు మానిన పిమ్మటను దానికి మేత, వైద్యము, నీడ గావలయును. చాకిరి చేయించుకొన్నవారు ముసలియెద్దును వీథిలో వదలిన ఊరిలో నలుగురు నిందింతురు. గుఱ్ఱము విషయమున ఆ నింద యెవరికి దగులవలెనో తేలుటలేదు.

ఇంక ధనము మాట. పందెపుబయట జనులు టోటు యంత్రములో నొడ్డిన సొమ్ము ఒక రాశిగా జేరును. అందుండి పన్నును, క్లబ్బు భాగమును ముందుగ దీసి, మిగిలినదానినే గెలిచినవారికి బంచుదురు. మాటవరుసకు నూఱుమంది తలకు నూఱు రూపాయల చొప్పున పదివేలు ఒడ్డిరనుకొందము. ఏ గుఱ్ఱము గెలిచినను వారికి మరలివచ్చునది పదివేలకు దక్కువయే. కావున నొక్కడు గెలిచినను నూఱుమందియు గలిసి యెప్పుడును ఓడినవారే. 2025 సెప్టెంబరు 22 మొదలు ఇట్టి పందెములపై జీ.ఎస్.టీ. నూటికి 40 వంతుల కెక్కినది. ఈ లెక్కను ఇంట జెప్పుటకు గణితశాస్త్రము చదువనక్కఱలేదు. పాలలెక్క వ్రాయగల స్త్రీ చాలును.

మేమెఱిగిన యొక యింట భర్త నగరమునకు మేస్త్రీపనికి బోయి, వారాంతపు కూలిని పందెములకు మరగెను. భార్య మెడలోని గుండ్లు కుదువకు బోయినవి. ఒకనాడతడు ఇంటికి వచ్చి, “గుర్రం బురదల జారింది గని, లేకుంటె గెలుస్తుంటి” అని నేలను నిందించెను. ఆమె చాట క్రిందబెట్టి, “నేల బాగుంటె రేపు మళ్ల పోతవు గద!” అనెను. ఆ మాటకు బదులు రాలేదు. ఓడినవానికి నేల యొక సాకు. గెలిచినవానికి నేల గుర్తుండదు. గుఱ్ఱమునకు మాత్ర మది ప్రాణము.

పందెములను సమర్థించువారు ఒక న్యాయమును జెప్పుదురు. గుఱ్ఱపుపందెము అదృష్టపు ఆట గాదనియు, నైపుణ్యమునకు సంబంధించినదనియు 1996 లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పిన మాట నిజమే. గుఱ్ఱపు వంశము, శిక్షణ, రౌతు నేర్పు, నేల పదును ఇవన్నియు విచారించి పందెము కట్టుదురని దాని భావము. మంచిది. అట్లయిన నేల నిజస్థితి దాచబడినచోట, ఉదయమున చెప్పిన పదును సాయంకాలమునకు మాఱినను ప్రకటింపనిచోట, ఆ నైపుణ్య మెక్కడ? గోతిలో బడిన గుఱ్ఱమునకు వంశముతో బనియేమి? నేలను జక్కగ నుంచనివారు తమకు నీడనిచ్చు న్యాయమును దామే కూలద్రోయుచున్నారు.

కావున మేము కోరునది యెక్కువ గాదు. ప్రతి పందెపుదినమున నేల పదును గొలిచి అందఱికి దెలియునట్లు వ్రాయవలయును. వాన కురిసినచో మరల గొలువవలయును. పందెము నాపు నధికారము డబ్బుతో సంబంధములేని పశువైద్యుని చేతిలో నుండవలయును. పడిన గుఱ్ఱముల, గాయపడిన రౌతుల సంఖ్యను ఏటేట బ్రకటింపవలయును. అమెరికాలో 2020 నాటి చట్టముచే నేర్పడిన సంస్థ 2022 జూలై మొదలు నేలను గూర్చియు, గుఱ్ఱముల రక్షణను గూర్చియు దేశమంతటికి నొక్కటే నియమావళిని నడుపుచున్నది. అట్టిది మనకును అసాధ్యము గాదు. రౌతుల కుటుంబములకు, గుఱ్ఱపుసాలలో ఎరువెత్తు పనివారి కుటుంబములకు ఆపద్ధనము గావలయును. వారి యిండ్లలోను మనవంటి స్త్రీలే దీపము పెట్టుకొని యెదురుచూచుచున్నారు.

ఇక మన చేతిలోనిది మనము చేయుదము. ఇంటికి వచ్చిన జీతమును నెల మొదటిదినముననే బియ్యమునకు, బడికి, మందులకు, కుదువ విడిపించుటకు వేఱుచేసి పెట్టుదము. పందెము మాట వచ్చినప్పుడు ఏడ్చియు నలిగియు గాక, పైలెక్కను బలకపై వ్రాసి చూపుదము. పిల్లలకు నలుని కథ జెప్పునప్పుడు జూదమున బోయిన రాజ్యమునే గాక, గుఱ్ఱముల మనసెఱిగి నడిపిన సారథినిగూడ జెప్పుదము. నోరులేని జీవముచే పరుగెత్తించుకొనువాడు ముందుగ దాని కాలిక్రింది నేలను చూడవలెనని వారు చిన్ననాడే నేర్తురు గాక.